కుంటి గుర్రం అమ్మినవాడు

వీధంతా దర్జీ వదిన అని పిలిచే ఆవిడ కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, మెడలో టేపు తీయకుండానే టీవీ ముందు కూలబడుతుంది. వీడియోగేములో రాజ్యాన్ని కాపాడమని సేనాపతి ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టదు. ఆడటం మొదలెట్టిన కొత్తలో ఓ వర్తకుడు ఆవిడకు కుంటి గుర్రాన్ని అంటగట్టాడు. తోడేళ్ళు తరిమితే అది పరిగెత్తలేక పడిపోయింది, దాంతోపాటు ఆవిడ పనీ అయిపోయింది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. కత్తితో నరికినా వాడికి గీతైనా పడదు. ఆట తయారుచేసినవాళ్ళు వాడికి చావు రాయలేదు. తర్వాత వాడే, తప్పిపోయిన కూతుర్ని వెతికిపెట్టమని ఆవిడకు పని అప్పగించాడు. తెర మీద పసుపు బాణం చూపించిన దారినే వెళ్ళి, కొండగుహలో పిల్లను చూసి, అక్కడే వదిలేసి వచ్చింది. అప్పట్నుంచీ రోజూ వాడి కొట్టు ముందు నిలబడుతుంది. "నా బిడ్డ కనబడిందా అమ్మా?" అని వాడు అదే ఏడుపు గొంతుతో అడుగుతాడు. వదిన హాయిగా కాళ్ళు చాపుకుంటుంది.

నిన్న భర్త ఉండబట్టలేకపోయాడు. "పాపం, అప్పజెప్పెయ్యొచ్చుగా!"

"గుర్రం కుంటిదని ఒక్కసారి ఒప్పుకోమనండి, అప్పజెప్తా."

అక్కణ్ణుంచి తిన్నగా గుహకెళ్ళి, పిల్ల ముందు ఓ రొట్టె పెట్టి, టీవీకేసి వంగి మెల్లగా అంది: "మీ నాన్నకి బుద్ధి రానీ తల్లీ."