ఇసుక అంటని నెత్తళ్ళు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నోటికి జడవనివాళ్ళు మా రేవులో లేరు, సముద్రంలో వేటకెళ్ళే మా నాన్నతో సహా. ఒడ్డున ఇసుకలో ఎండేసిన నెత్తళ్ళ చేపల్ని గంపకెత్తుకుని, సిటీ బస్సెక్కి, కూర్మన్నపాలెంలో స్టీల్ ప్లాంటు ఉద్యోగుల ఇళ్ళ మధ్య అమ్ముకొచ్చేది. తొంభైల నాటి మాట. ఒకసారి సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళింది. బస్సులో ఆ గంప పక్కన కూర్చోవడమే నాకు పెద్ద హోదా.

అక్కడ ఒకావిడ, కూరలో ఇసుక పళ్ళకింద పడుతోందని, ఇంక కొననని, నాయనమ్మ మొహం మీదే తలుపేసింది. ఇంట్లో అందర్నీ నిలబెట్టి కడిగేసే మనిషి కిక్కురుమనకుండా గంపెత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక, చిరిగిన వలముక్కను కర్రలకు బిగించి, నేలకు తగలకుండా దానిమీద నెత్తళ్ళు ఎండబెట్టాను. ఒక్క ఇసుక రేణువు అంటలేదు. పొంగిపోయి, ఒడ్డున పదిమంది ఆడవాళ్ళలో ఉన్న నాయనమ్మ ముందు ఆ నెత్తళ్ళ చేట పెట్టాను. మెచ్చుకుంటుందని, ఇక ఎప్పుడూ నన్నే వెంట తీసుకెళ్తుందని ఆశ.

ఆవిడ చేటను ఇసుకలో బోర్లించి, కాలితో తొక్కేసింది.

"ఇసక నేకపోతే తూకమేటొస్తాదే? నాకు యాపారం నేర్పుతన్నావేటే గుంటా!"

అందరూ విరగబడి నవ్వారు.

వారం తిరక్కుండా మా పెరట్లో, తడికల చాటున, నాదానికంటే పెద్ద వల కట్టి ఉంది. నాయనమ్మ, మా పిన్ని దానిమీద నెత్తళ్ళు పరుస్తున్నారు. ఇదేంటన్నాను.

"ఆళ్ళ ముందు మెచ్చుకుంటే రేపు రేవంతా వలలే కట్టేత్తారు. నవ్వించీసినాను, మరిసిపోనారు" అంది నాయనమ్మ.

మరి నన్ను తీసుకెళ్తావా అని అడిగాను.

"ఉపాయం దొరికితే ఊరంతా సూపించుకునేదాన్ని ఎంటెట్టుకుంటానేటి?" అని పిన్నినే తీసుకెళ్ళింది. నెత్తళ్ళు బాగా అమ్ముడయ్యాయి. ఆ ఉపాయం నాదని ఇంట్లో ఎవరూ, ఒక్కసారి కూడా అనలేదు.

ఇప్పుడు నాకు సొంతంగా ఎండుచేపల వ్యాపారం ఉంది. కొత్త ఆలోచన ఏదైనా సరే, పని పూర్తయ్యేదాకా పెదవి దాటనివ్వను. ఆ తెలివి ఆవిడ పెట్టిన భిక్షే, కాదనను. ఆవిడను క్షమించనూ లేదు. అయినా ఎవరైనా ఏదైనా కొత్తగా చేసి చూపిస్తే, ముందు నా నోటికొచ్చేది 'నాకు యాపారం నేర్పుతన్నావేటే' అన్న ఆవిడ మాటే.

మొన్న నా కూతురు వంటింట్లో ఎండు రొయ్యలతో ఏదో పొడి దంచుతోంది. నా అడుగుల చప్పుడు వినగానే గబుక్కున మూతపెట్టి, డబ్బా వెనక్కి దాచేసుకుంది. అలా దాచమని దానికి నేనెప్పుడూ చెప్పలేదు.