మా అక్క వాసాలు

అసెంబ్లీలో మా ఎమ్మెల్యే లేచి నా మాట చెప్పిన పూట నేను ఇల్లందులో టీ కొట్టు ముందు కూర్చున్నాను. గోడకున్న టీవీలో సభ నడుస్తోంది. ఎవరూ వినడం లేదు. "ఛానల్ మార్చరాదు" అన్నాడొక ఆటో డ్రైవర్. "ఉంచు, మనోడు లేచిండు" అన్నాను.

అతను ప్రతిపక్షం బెంచీలో నిలబడి, మైకు సవరించుకుని అన్నాడు: "అధ్యక్షా, మా దగ్గర బొగ్గు బాయిల కార్మికుడు పని మొదలుపెట్టే ముందు ఇనుప సబ్బల్‌తో పైకప్పును కొట్టి చూస్తడు. ఖంగుమంటే గట్టిది. డొల్ల చప్పుడొస్తే దాని కిందికి ఒక్కడు పోడు. మంత్రిగారి జవాబును నేను కొట్టి చూసిన అధ్యక్షా. డొల్ల చప్పుడొస్తంది."

టీ కొట్టులో నవ్వులు. ఆటో డ్రైవర్ కూడా ఇటు తిరిగాడు. ఆ మాట నాదని నేను చెప్పలేదు. చెప్పినా, చెవుల మీద మఫ్లర్ చుట్టుకున్న ముసలివాణ్ణి ఎవరు నమ్ముతారు?

నేను బాయిలో టింబర్‌మన్‌ని. బొగ్గు తీసిన చోట పైన బండ కూలకుండా దుంగలు నిలబెట్టే పని. బడి మొహం చూడలేదు. క్యాంటీన్‌లో ఒకాయన మాకు పేపరు చదివి వినిపించేవాడు. తనకు గిట్టని వార్తలు మింగేసేవాడు. ఒకసారి సమ్మె గురించి ఆయన చెప్పింది ఒకటి, పక్క షిఫ్టువాళ్ళు చెప్పింది ఇంకొకటి. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ సగం వార్తలే విన్నానని. ఆ కోపంతోనే అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పటికీ పేపరును చివరి పేజీ దాకా చదవనిదే పక్కన పెట్టను. అందుకే మంత్రుల జవాబులు నాకు గుర్తుంటాయి. మనుషులు మారారు, జెండాలు మారాయి. పరిశీలనలో ఉంది, దశలవారీగా ఇస్తాం, త్వరలోనే అన్న మాటలు మాత్రం నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఎట్లా ఉన్నాయో ఇప్పుడూ అట్లాగే ఉన్నాయి.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి మా గూడేనికి వచ్చేశాను. గోదావరి మాకు దూరమే కానీ, వాగు పక్కనే. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే గోదావరి ఎగదన్ని మా వాగు వెనక్కి నడుస్తుంది. నా చిన్నప్పుడూ వరదలు వచ్చేవి. చేను చూసి పోయేవి. ఇప్పుడు ఇంట్లోకి వచ్చి కూర్చుంటున్నాయి. ఎండా అంతే, పద్ధతి తప్పింది. బీడీలు చుట్టే తునికాకు కోయడానికి మా ఆడవాళ్ళు చీకటితో పోయి, పొద్దెక్కకముందే పరుగెత్తుకు రావలసి వస్తోంది. ఆకు లేతగా ఉన్నప్పుడే వడగళ్ళు తగిలి చిల్లులు పడిపోతోంది.

పోయిన పెద్ద వరదకు మా అక్క ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. మట్టిగోడ అడుగున నాని జారిపోయింది. పైన వాసాలు మాత్రం చెక్కుచెదరలేదు. మా బావ బతికున్న రోజుల్లో అడవిలో ఏరి ఏరి తెచ్చి ఎక్కించిన కర్ర అది. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ పట్టి నల్లగా ఇనుములా అయింది. ఇప్పుడైతే అడవిలో వెదురు బొంగు ముట్టుకున్నా ఫారెస్టువాళ్ళు ఊరుకోరు.

ఆ ఒరిగిన ఇంటికే వచ్చాడు మా ఎమ్మెల్యే. మంచం వేస్తే వద్దని అరుగు మీద కూర్చున్నాడు. అక్క అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "గెలిచిననాడు రాలే, గిప్పుడొచ్చినవు. ఓడిపోయినవా ఏంది?" అంది.

"నేను గెలిచిన అవ్వా. మా పార్టీ ఓడింది."

"అట్లయితే సగం ఓడినట్టే."

అతను మనసారా నవ్వాడు. అబద్ధం ఎందుకు, ఆ నవ్వు నాకు నచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "సభల ఏమడగమంటవు పెద్దాయనా?" అన్నాడు.

"ఇండ్లు ఎప్పుడిస్తరని అడగకు సారూ. త్వరలో అంటరు, కూసుంటరు. జాగా ఏడుందో చెప్పుమను. జవాబును కొట్టి చూడు" అన్నాను. కొట్టి చూడటమేమిటని అడిగాడు. చేతికర్ర తీసి అక్క ఇంటి వాసాన్ని కొట్టాను, ఖణేల్‌మంది. గోడను కొట్టాను, లోపల ఏమీ లేనట్టు డొల్లగా మోగింది. కర్ర తీసుకుని తనూ కొట్టి చూశాడు. రెండుసార్లు, మూడుసార్లు. చెవి ఒగ్గి విన్నాడు.

"ఈ మాట నేను వాడుకోనా?"

"మాటకు కిరాయి లేదు. వాడుకో" అన్నాను.

వాడుకున్నాడు. బాగా వాడుకున్నాడు. ఆ రోజు ముగ్గురు మంత్రుల్ని వరసగా నిలబెట్టాడు. సంక్షేమ మంత్రిని, "కూలి చేసి చేసి వేలి మీద గీతలే పోయినోళ్ళను మిషన్ మీద వేలు పెట్టుమంటే పింఛన్ ఎట్లొస్తది?" అని అడిగాడు. పర్యావరణం చూసే మంత్రి మొక్కలు నాటామన్నాడు. "నాటిన్రు సరే, తునికాకు కూలి ఎండకు పడిపోతే ఆ మొక్క నీడ ఆమె దాకా వచ్చేదెప్పుడు?" అన్నాడు. ఇళ్ళ మంత్రి ఏవో లెక్కలు చదవబోతే అడ్డుపడి, "వాగు పక్క గూడేలకు మెరక మీద జాగా ఉన్నదా, లేదా? అది చెప్పండి" అన్నాడు. నాలుగుసార్లు అదే ప్రశ్న వేసి, ఆ పైకప్పు మాట చెప్పాడు. చివరకు ఇళ్ళ మంత్రి లేచి, "జాగా చూశాం. ఈ వానాకాలం లోపే ఆ గూడేలకు ఇళ్ళు కట్టిస్తాం. సభ సాక్షిగా చెప్తున్నా" అన్నాడు.

మా గూడెంలో ఒక రివాజు ఉంది. ఎవరికైనా కొత్త ఇల్లు ఖాయమైందంటే పాత ఇంటి కర్ర వాళ్ళు ఉంచుకోరు. అడవిలో కొత్త కర్ర కొట్టనివ్వరు గనుక, గూడెంలో ఎవరికి అవసరమో వాళ్ళకు ఇచ్చేస్తారు. అందరూ వచ్చి ఇల్లు విప్పుతారు, ఇంటావిడ అంబలి పోస్తుంది. ఖాయం కావడమంటే మాకు కాగితం కాదు. పెద్దమనుషుల నడుమ మాట పడితే ఖాయమైనట్టే. పడిన మాట వెనక్కి పోవడం మా అక్క తన జన్మలో చూడలేదు.

నేను ఇంటికి వచ్చి సంగతి చెబితే ఒక్కటే అడిగింది. "అందరి ముందట చెప్పిండా?"

"అవ్. అందరి ముందటనే."

"మరింకేంది."

వారం తిరక్కుండా ఇల్లు విప్పేశారు. వాసాలు పక్కింటివాళ్ళ గొడ్ల కొట్టానికి పోయాయి. వాళ్ళ కొట్టం కూడా వరదకే పోయింది మరి. అక్క మెరక మీద టార్పాలిన్ కట్టుకుని దాని కింద పొయ్యి పెట్టుకుంది. నా దగ్గరికి రమ్మంటే, "నీది రేకుల అర్ర. పెనం మీద రొట్టె లెక్క కాల్తం ఇద్దరం" అంది. అదీ నిజమే.

ఎండాకాలం సగంలో పేపర్లో ఫొటో వచ్చింది. మా ఎమ్మెల్యే మెడలో అధికార పార్టీ కండువా. కప్పుతున్నది ఆ ఇళ్ళ మంత్రే. నియోజకవర్గ అభివృద్ధి కోసమే వచ్చానని కింద రాశారు. ఆ పేజీని రెండుసార్లు చదివాను, ఎక్కడైనా మా గూడెం ఊసు ఉందేమోనని.

అయినా కొంచెం ఆశ పెట్టుకున్నాను. లోపలికి పోయినవాడు లోపలి నుంచి పని చేయిస్తాడేమో అనుకున్నాను. తర్వాతి సమావేశాల్లో ఎవరో వేరే ప్రతిపక్షం సభ్యుడు లేచి, వాగు పక్క గూడేల ఇళ్ళు ఏమయ్యాయని అడిగాడు. ఇళ్ళ మంత్రి లేవకముందే మావాడు లేచాడు. ఈసారి అటువైపు బెంచీ నుంచి.

"అధ్యక్షా, మా బొగ్గు బాయి కార్మికుల భాషల చెప్తున్నా. ఈ ప్రభుత్వం పైకప్పును నేను స్వయంగా కొట్టి చూసిన. ఖంగుమంటంది."

అటువైపు వాళ్ళంతా బల్లలు చరిచారు.

అదే టీ కొట్టు, అదే టీవీ. టీ సగంలోనే గ్లాసు పక్కన పెట్టేశాను. బాయిలో మేమేమీ దేవుళ్ళం కాదు. జీతాల దగ్గర తన్నుకున్నాం, యూనియన్ల పేరుతో తలలు పగలగొట్టుకున్నాం. ఒకడంటే ఒకడికి పడేది కాదు. కానీ సబ్బల్‌తో కొట్టినవాడు ఏ జెండావాడైనా పైకప్పు సంగతి మాత్రం నిజం చెప్పేవాడు, పగవాడికి కూడా. ఆ ఒక్క చోట పార్టీ లేదు. డొల్లగా ఉన్న బండను గట్టిదని చెప్పినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. రిటైరయ్యాక చూశాను.

"ముందే ఆయన్నే కొట్టి చూడాల్సింది గదా పెద్దాయనా" అని ఎకసెక్కం చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు నా జవాబు ఇది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నవాణ్ణి నమ్మడం తప్పు కాదు. తప్పు ఎవరిదో వాళ్ళ దగ్గరే ఉండాలి. దాన్ని తెచ్చి నా నెత్తిన పెడతామంటే మోయను.

మబ్బులు పడుతున్న రోజుల్లో అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండు కార్లు, కెమెరా పట్టుకున్న మనిషి. నాకు శాలువా కప్పాడు.

"పెద్దాయనా, నీ మాట రాష్ట్రమంత పాకింది. అది నీదేనని నీ నోటితో చెప్పాలె. ప్రభుత్వం పైకప్పు గట్టిగున్నదని ఒక్క ముక్క కెమెరాకు చెప్పు. అవ్వ ఇంటికి రేపే పునాది ముగ్గు పోయిస్త."

"జాగా ఏది సారూ?" అన్నాను.

"జాగాదేముంది, చూస్తం. త్వరలోనే."

ఆ మాట అతని నోట కూడా వచ్చేసింది. నేను అక్క వైపు చూశాను. ఇల్లు తనది. వాన వస్తే తడిసేది తను. ఆమె అవునంటే నేను చెప్పేసేవాణ్ణేమో, నాకు తెలియదు. అక్క టార్పాలిన్ కింద నుంచి వంగి బయటికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ముగ్గు వద్దు సారూ. నా వాసాలు నాకు తెచ్చియ్యి."

అతను నవ్వాడు. "వాసాలెందుకవ్వా, స్లాబే ఏస్తుంటే?"

"నీ మాట విని విప్పిన. తెచ్చి ఎక్కియ్యి."

"అవ్వ భలే మాట్లాడుతది" అన్నాడు కెమెరా మనిషితో. అక్క మళ్ళీ అదే అంది, అదే గొంతుతో. అతను వాచీ చూసుకున్నాడు. దమ్మపేటలో ఇంకేదో ప్రోగ్రాం ఉందట. నేను శాలువా మడిచి కారు సీటు మీద పెట్టాను.

తొలి వాన గాలితో వచ్చి టార్పాలిన్‌ను చీల్చేసింది. పక్కింటతను పరుగెత్తుకొచ్చాడు. "అత్తా, కొట్టం విప్పి నీ వాసాలు నీకే ఎక్కిస్త" అన్నాడు.

"గొడ్లు యాడికి పోవాలె రా ఈ వానల?" అని అక్క అతన్నే కసిరింది.

అతను కొట్టంలోనే గొడ్లను ఒక పక్కకు కట్టి, రెండో పక్క పేడ తీసి, నులక మంచం వేశాడు. అతని భార్య చుట్టం వచ్చినట్టు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. నేను వెళ్ళేసరికి అక్క వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది.

"తమ్మీ, గా వంకర వాసం చూడు. మీ బావ దాన్ని వద్దు వద్దంటే ఎక్కించిండు" అంది. "ఇంకా గట్లనే ఉన్నది."

మంచం పట్టె మీద కూర్చున్నాను. గొడ్లు నెమరు వేస్తున్నాయి. వాన పొద్దంతా పడింది. అక్క పడుకున్న చోట ఒక్క చుక్క కారలేదు.