టీచరమ్మ మా మెట్టు మీద కూర్చున్న సాయంత్రం

నా చిన్నప్పుడు మా నాన్న యూనివర్సిటీలో ల్యాబ్ అటెండరు. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఆయన బాగా తాగేవాడు. ఒక ఏడాది మాత్రం ముట్టలేదు. ఆదివారం సాయంత్రాలు తార్నాకలో ఒక బడి గదిలో తాగుడు మానుకుంటున్నవాళ్ళంతా కలిసేవారు. నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికి పోయినట్టు పోయేవాడు. వచ్చేటప్పుడు నాకు పల్లీల పొట్లం తెచ్చేవాడు.

ఆ తరువాత పెదనాన్న దినాల్లో చుట్టాలు బలవంతం చేస్తే మళ్ళీ తాగాడు. ఇక మీటింగుకు పోలేదు. డ్యూటీ నుంచి రాగానే గదిలో గడియ పెట్టుకునేవాడు. ఎవరొచ్చినా లేనని చెప్పమనేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం కళ్ళద్దాలు, నేత చీరతో ఒక పెద్దావిడ వచ్చింది. కడప వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ టీచరమ్మ. మీటింగు నడిపే పెద్దమనిషి కాబోలు అనుకున్నాను.

“మా నాయిన ఇంట్ల లేడు” అన్నాను. నాన్న చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి. ఆమె వాటి వైపు ఒకసారి చూసింది.

“సరేలే పాపా, నీతోనే మాట్లాడి పోతా” అంటూ మెట్టు మీద కూర్చుంది. కిటికీ లోపలికి వినపడేలా మొదలుపెట్టింది.

“నేను గూడా తాగేదాన్ని. మానేసి చాన్నాళ్ళయినాక మా చెల్లెలి కూతురి పెండ్లిలో మళ్ళీ తాగినా. సిగ్గుతో ఇంట్లోంచి బయటికి రాలేదు.”

నేను నోరు తెరుచుకుని చూశాను. తాగుడు మా ఒక్క ఇంటికే ఉన్న జబ్బని నమ్ముతూ ఉండేదాన్ని.

“మరి ఎట్ల మానిన్రు?”

“నా అంతట నా చేత కాలేదు. మీటింగు వాళ్ళే వచ్చి పిల్చుకపోయినారు. ఇప్పుడు మీ నాయన రాకపోయేసరికి నాకు దిగులుగా ఉంది. ఆయప్ప మాట్లాడతా ఉంటే ధైర్యంగా ఉండేది. నాకోసమన్నా రమ్మని చెప్పు.”

లోపల గడియ తీసిన చప్పుడైంది. నాన్న గడ్డం పెరిగిన మొహంతో వచ్చి నిలబడ్డాడు.

“మల్ల తాగిన మేడమ్. ఏ మొఖం పెట్టుకొని రావాలె?”

“ఈ మొహంతోనే రాప్పా. కొత్తది యాడ తెస్తావు?”

వంటింట్లో అమ్మ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

నాన్న, టీచరమ్మ, నేను ముగ్గురం తార్నాక దాకా నడిచాం. గదిలో ఒక ప్రొఫెసరు, ఒక ఆటో ఆయన, లాలాగూడ రైల్వే మనుషులు ఉన్నారు. నాన్న తలొంచుకుని జరిగింది చెప్పాడు. ఎందుకు తాగావని ఒక్కరూ అడగలేదు. బెంచీ మీద జరిగి చోటిచ్చారు. పక్కనున్నాయన నాన్న వీపు మీద చెయ్యి వేశాడు. మీటింగు అయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు.

నాన్న ఆ తర్వాత కూడా ఒకసారి జారాడు. అప్పుడు ఎవరూ రాకముందే తానే లేచి వెళ్ళాడు. పోనుపోను, రావడం మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళే పని ఆయనదే అయింది.

నాకిప్పుడు ఆమె వయసు వచ్చింది. తెలిసినవాళ్ళెవరైనా మొహం చాటేస్తే వాళ్ళింటికి వెళతాను. ఏం జరిగిందని అడగను. మీరు లేక నాకు తోచడం లేదని చెబుతాను. ఆ మాట ఊరికే అనకూడదు, నిజం కావాలి. టీచరమ్మకు మా నాన్న నిజంగానే అవసరం. అది తెలిసే ఆయన లేచి వచ్చాడని నేననుకుంటాను.