ఉయ్యాల అంచున పసుపచ్చ రంగు

నేను చెప్పింది చెప్పినట్టే రాయి, అమ్మలూ. మధ్యలో సర్దకు. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి నీ పెన్ను మెత్తబడుతుందని నాకు తెలుసు.

బరంపురంలో మనది రంగుల కొట్టు. ఆర్యపల్లి పడవలవాళ్లు వచ్చి మన పసుపచ్చ రంగే కావాలనేవారు, ఉప్పుగాలికి పెచ్చు లేవదని. అమ్మకం అయిపోయాక డబ్బా అడుగున మిగిలిన చిక్కటి రంగు ఇంటికి వచ్చేది. మీగడ మనకి మిగిలిందని మురిసిపోయేదాన్ని. కిటికీలు, తలుపులు, చెక్క ఏనుగు, అన్నీ ఆ పసుపచ్చే. ఇంట్లో బిడ్డ పుట్టబోతోందంటే ఉయ్యాలకి ఆ రంగు కొత్తగా పడాలి, అదీ ఇంటి పెద్దావిడ చేత్తోనే. మన ఆనవాయితీ అది.

నీ కాన్పుకి ముందు నేనే వేశాను. ఇప్పటి రంగులు నీళ్లలా ఉంటాయని అటక మీద పాత డబ్బా ఒకటి దాచుకున్నాను. గట్టిపడితే టర్పెంటైన్ పోసి కలిపాను. నడిగదిలో కూర్చుని ఎమ్రీ పేపరుతో పాత పొర గీకాను. నేలంతా పచ్చటి పొడి. చీపురుతో ఓ పక్కకి ఊడ్చేశాను.

నువ్వు ఉద్యోగానికి వెళ్తే నీ కూతురు, నా మునిమనవరాలు, పగలంతా నా దగ్గరే. ఉయ్యాల అంచు పట్టుకుని నిలబడి అదే కొరికేది. పళ్లొచ్చే వయసు కదా, మంచిదే అనుకున్నాను.

పిల్ల పాలిపోతోందని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఒడియా డాక్టరమ్మ నన్ను మావుసీ అంటుంది, పిన్నిని పిలిచినట్టు. "ఇంట్లో పాత రంగులేమైనా ఉన్నాయా మావుసీ?" అని అడిగింది. ఎంత గొప్పగా చెప్పాను! "మా ఇంట్లో అన్నీ మా కొట్టు రంగులే తల్లీ. ఎన్నేళ్లైనా పోవు." ఆవిడ రాస్తున్న చెయ్యి ఆగింది. పిల్లకి రక్తపరీక్ష రాసింది. సీసానికి. పాత రంగుల్లో ఆ లోహం ఉంటుందట, కడుపులోకి పోతే పిల్లల బుర్ర ఎదగనివ్వదట.

ఆ ఫలితం రాకముందే నువ్వు మందు పెట్టిన దూదిపుల్లలు తెప్పించావు. రంగులో సీసం ఉంటే ఎర్రబడతాయన్నావు. పిల్ల బొమ్మలన్నీ గచ్చు మీద వరసగా పెట్టావు. మీ నాన్న, నా పెద్దకొడుకు, పక్కన చేరాడు.

"ఏటే ఇది, బొమ్మలకి పెళ్లిసూపులా?"

"నువ్వు తప్పుకో నాన్నా, ఎలుతురికి అడ్డం."

ప్లాస్టిక్ బాతుకి ఏమీ లేదు. గిలక్కాయకి లేదు. చెక్క ఏనుగుకి ఎర్రబడింది. ఉయ్యాల అంచు మీద రుద్దావో లేదో, పసుపు మీద కుంకుమ బొట్టు పెట్టినట్టు తేలింది.

"నేనూ ఈ ఉయ్యాల్లోనే పెరిగాను గదేటి, నాకేటయింది?" అన్నాడు మీ నాన్న. గుమ్మంలో టీ తాగుతున్న మీ చిన్నాన్న వైపు తిరిగాడు. "ఏరా, నీకేటయిందిరా?"

"నాకా? నాకు బుర్రే నేదు గదా, ఏటవుద్ది?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే మీ నాన్న పుట్టినప్పుడు ఆ ఉయ్యాలకి రంగే లేదు. వట్టి టేకు చెక్క, ఆముదం రాసేదాన్ని. ఆ తర్వాతే మనం కొట్టు పెట్టాం. మీ చిన్నాన్న కడుపులో ఉండగా మొదటిసారి పసుపచ్చ వేశాను. ఉయ్యాల ఒక్కటే. అన్నదమ్ములిద్దరిలో రంగు కొరికింది మాత్రం వాడొక్కడే.

ఇది కూడా రాయి. వాడికి ఏడో ఎక్కం ఎన్నాళ్లకీ రాలేదు. రంగు కలిపే కర్రతో కొట్టేదాన్ని. "అన్నకొచ్చింది నీకెందుకు రాదురా, మొద్దూ!" అనేదాన్ని. బడి మాన్పించి కొట్లో కూర్చోబెట్టాను. అక్కడా రంగులు కలిపే పనే. ఊరంతా వాణ్ని మొద్దనే అంది. ఆ పేరు పెట్టింది నేను.

పిల్ల రక్తంలో సీసం ఉందని తేలింది. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఉయ్యాల తీసెయ్యమంది. గీకొద్దు, కాల్చొద్దు, గది తడిగుడ్డతో తుడవండి, మూడు నెలలకి మళ్లీ చూద్దాం అంది. "తగ్గుతుందా అమ్మా?" అన్నాను. రక్తంలో తగ్గుతుందట. పిల్లకి ఏమైనా చేసిందా లేదా అన్నది పెరిగితేగాని తెలియదట. మీ చిన్నాన్న సంగతీ అడిగాను. "ఇన్నేళ్ల తర్వాత చెప్పలేం మావుసీ. అవ్వొచ్చు, కాకపోవచ్చు." ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంటికి రాగానే మీ నాన్న, "మంచి టేకు, పారేస్తే పాపం. సివరింట్లో బాలింతుంది, ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఆళ్ల పిల్లకి పళ్లు రావేటిరా?" అన్నాను.

ఉయ్యాలకి టార్పాలిన్ చుట్టింది మీ చిన్నాన్నే. అంచు దగ్గర వాడి బొటనవేలు ఆగింది. ఎన్ని పొరలు వేసినా పంటిగాట్లు చెక్కలో అలాగే ఉన్నాయి.

"అమ్మా, ఇయి నాయేనా?"

అప్పుడు చెప్పాను. అన్న నాటికి రంగు లేదని, వాడి కోసం నేనే వేశానని, డాక్టరమ్మ అన్నదీ, అంతా. వాడు తాడు ఇంకో చుట్టు తిప్పాడు.

"అయితే నేను మొద్దుని కాదన్నమాట."

"కాదేమోరా."

"ఇప్పుడెందుకు సెప్పావమ్మా? మొద్దునని ఒప్పేసుకున్నాను. ఆయిగా ఉన్నాను. ఇప్పుడీ వయసులో ఎవలి మీద కోపం తెచ్చుకోమంటావు?"

నా మీదేరా అనాల్సింది. వాడు ముడి బిగించి ఉయ్యాలని పెరట్లో రేకుల గదిలో పెట్టి తాళం వేశాడు.

అప్పట్నుంచి నడిగది రోజూ తడిగుడ్డతో వాడే తుడుస్తున్నాడు. నన్ను గుడ్డ ముట్టనివ్వడు. నీ కూతుర్ని ఎత్తుకోబోతే అడ్డొచ్చి, "ముందు సేతులు కడుక్కో" అంటాడు. అప్పుడే కడుక్కున్నానని చెప్పను. మళ్లీ వెళ్లి కడుక్కుంటాను.