ట్యూబులో తగ్గిన నీళ్లు

మూడేళ్ల కిందట వేసవిలో, ఆలూరు దగ్గరి ఒక గుట్ట మీద నేను ఒక టోపీ, ఒక చెప్పు, చేతి గడియారం అద్దం పోగొట్టుకున్నాను. టోపీ గాలికి పోయింది. చెప్పు తెగింది. అద్దం నేను జారిపడ్డ చోట పగిలింది.

నాది మోటార్ల దుకాణం. చదివింది తక్కువే, లెక్కలు పనిలో నేర్చుకున్నవి. మోటారు అమ్మేముందు హెడ్ చూడాలి, అంటే నీళ్లు ఎక్కాల్సిన నిలువెత్తు. అది తప్పితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం దారిలో ఆగిపోతాయి.

ఆ గుట్ట మీద సేద్యం చేసేది సుంకమ్మ. ఆమె బోరు గుట్ట కింద, సీతాఫలం మొక్కలు గుట్ట పైన. రోజూ బిందెతో మోసి తడిపేది. మేకలు అమ్మి మోటారు కొనడానికి సిద్ధపడింది.

"ఒక్కసారే కొనేదప్పా. నీళ్లెక్కకపోతే ఇంగ మేకలూ లేవు, చెట్లూ లేవు."

నేను కింద నుంచే చూసి అరవై అడుగులన్నాను.

"ఈడ నిలబడి చెప్తాండావే! ఎక్కి చూడు."

"దీన్నెక్కేది ఎంతసేపక్కా? టీ తాగినంతసేపు!"

లెవెల్ ట్యూబు తీశాను. అది మేస్త్రీలు వాడే, లోపలి నీళ్లు కనబడే గొట్టం. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. కర్రకు కట్టిన కింది కొసను సుంకమ్మ నెత్తిన మొక్కల నీళ్ల బిందెతోనే పట్టుకుంది. నేను పై కొసతో ముందు నడిచి నేలకు ఆనిస్తే, కర్ర మీద నీళ్లు నిలిచిన ఎత్తే ఆ మెట్టు ఎత్తు. అలా మెట్టు మెట్టుకూ రాసుకుంటున్నాను.

సగం ఎక్కేసరికి నా సీసా ఖాళీ అయింది. నాలుక పిడచగట్టుకుపోయింది. మొక్కల నీళ్లు అడగడానికి మొహం చెల్లలేదు. బండ చాటున కూర్చుని, చేతిలోని కొసను నోట్లో పెట్టుకుని పీల్చాను.

"ఏమప్పా! నా చేతిలో నీళ్లు దిగిపోతాండాయి!" కింద నుంచి సుంకమ్మ కేక.

గొట్టం ఇంకా నా నోట్లోనే ఉంది. ఆమె ఎక్కి వచ్చి, నన్ను చూసి, బండకానుకుని నవ్వింది.

"కొలిచే నీళ్లే తాగేస్తివా? దప్పికని అడిగితే నీ సొమ్మేం పోతాది?"

బిందె దించి ముందు నాకు పోసింది, తర్వాత ట్యూబుకు. బిందె ఖాళీ.

"మరి మొక్కలకు?"

"అవి నీ మాదిరి కాదులే. ఒక పూట ఓర్చుకుంటాయి."

పైకి చేరి కూడితే నూట నాలుగు అడుగులు తేలింది. నా అరవైని నమ్మి ఉంటే ఆమె మేకల సొమ్ము గుట్ట సగంలోనే ఆగిపోయేది. బోరు లోతూ, ఆ నూట నాలుగూ కలిపి సరిపడే మోటారు బిగించాను. నీళ్లు పైపు కొసన దూకాయి. అప్పటి నుంచి కంటితో చూసి హెడ్ చెప్పడం మానేశాను. ప్రతి గుట్టా ఎక్కుతాను, దప్పికైతే అడుగుతాను.

మొన్న ఆ వైపు వెళ్లినప్పుడు, ఆ బిందె నీళ్లు తీర్చేస్తానంటూ గుట్ట పైన పైపును ఆమె బిందెలోకి తిప్పబోయాను. సుంకమ్మ ఒప్పుకోలేదు. "మోసిన నీళ్లకు మోసిన నీళ్లేనప్పా!"

కింద నింపి భుజానికెత్తుకున్నాను. పైకి చేరాక ఆమె బిందెలోకి తొంగి చూసింది. తర్వాత తడిసిన నా చొక్కా వైపు చూసింది.

ఇంకా అర బిందె బాకీ.