గైడు లేని రివర్సు

మే నెల మొదటి వారం. ఉదయం ఆరుంబావుకు, ట్రైలర్ తోలడం నేర్పే మణుగూరు యార్డు గేటు దగ్గర రిపోర్ట్ చేశాను. చేతిలో సంచి. అందులో రెండు లీటర్ల నీళ్ల సీసా, తువ్వాలు, టిఫిన్ డబ్బా. కాళ్లకు సైన్యంలో తొడిగిన ఫౌజు బూట్లే. యార్డు అంటే గొప్పగా ఊహించుకోకండి. బొగ్గు దుమ్ముతో నల్లబడ్డ నేల, ఒక రేకుల షెడ్డు, టీ బండి, చుట్టూ టేకు చెట్లు. నడిమధ్యలో నలభై అడుగుల ట్రైలర్ లారీ.

అది మామూలు లారీ కాదు. ముందు ఇంజను బండి వేరు, వెనక ట్రాలీ వేరు. రెండింటినీ ఒక లావు పిన్ను కలిపి పట్టుకుంటుంది. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రాలీ తోక కుడికి పోతుంది. నేను పదిహేడేళ్లు సైన్యంలో డ్రైవర్ని. మంచు కొండల మీద రేషను లారీ తోలినవాణ్ణి. ఇదొక లెక్కా అనుకున్నాను.

షెడ్డులోంచి ఉస్తాద్ వచ్చాడు. చాలా ఏళ్లు బొగ్గు ట్రైలర్లు తోలి, ఇప్పుడు నేర్పుతున్నాడు. నేర్పేవాణ్ణి ఫౌజులోనూ ఉస్తాద్ అనే అంటాం. అలవాటు కొద్దీ అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాను.

"గట్ల నిలబడితే బండి నడువది మిలిటరీ. ఎక్కు," అన్నాడు.

నేనెందుకు వచ్చానో చెప్పాలి. ట్రైలర్ లైసెన్సు చేతిలో పెడితే మణుగూరులోనే డ్రైవర్ ఉద్యోగం ఇస్తానని ఒక కాంట్రాక్టరు మాటిచ్చాడు. నెలాఖరు దాకే ఆగుతానన్నాడు. లేకపోతే హైదరాబాదులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ పని. మా ఇల్లు ములకలపల్లిలో. నా కూతురు పదో తరగతిలోకి వచ్చింది. దాని పుట్టినరోజులు సగానికి సగం ఫోన్లోనే చూశాను. మళ్లీ ఇల్లు విడిచి పోవడం నా వల్ల కాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను.

రెండు వారాల్లో బండి చేతికొచ్చింది. లైసెన్సు కోసం మొదటి టెస్టుకు పోయాను. ముందుకు తోలడం పాస్. ఇక రివర్సు. తెల్ల రాళ్లు డబ్బా ఆకారంలో పేర్చిన చోటులోకి ట్రాలీని ఆపకుండా వెనక్కి పెట్టాలి. సగం దాకా బాగానే పోయాను. అద్దంలో ఒక చెయ్యి పైకి లేచింది. ఠక్కున బ్రేకు తొక్కాను.

టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టర్ సారు కుర్చీలోంచి లేచాడు. "ఎవరు ఆపమన్నరయ్యా నిన్ను?"

"వెనకకెల్లి చెయ్యి చూపించిండ్రు సర్."

చెయ్యి చూపినవాడు నాతో పాటు నేర్చుకుంటున్న సత్తుపల్లి రైతు. పాపం, అతను గ్రౌండు అంచున ఉన్న టీ బండివైపు చెయ్యెత్తి రెండు టీలు చెప్పాడంతే. గ్రౌండంతా ఒకటే నవ్వు. ఫెయిల్.

మీకు నవ్వులాటే. ఫౌజులో మాత్రం వెనక గైడు లేకుండా రివర్సు గేరు వెయ్యకూడదు. గైడు "ఆనే దో", రానివ్వు, అంటే పోవాలి, చెయ్యెత్తితే ఆగాలి. పదిహేడేళ్లు నా కాళ్లు ఇంకొకడి చేతి మాట విన్నాయి. నా సొంత కళ్లను నమ్మడం మరిచిపోయాను.

ఉస్తాద్ తిట్టలేదు. మర్నాడు యార్డులో ఉన్నవాళ్లందరినీ పిలిచాడు. "మిలిటరీ రివర్సు తీస్తుంటే ఎవరికి ఏం తోస్తే గది ఒర్రుండ్రి. చేతులూపుండ్రి. ఈయన ఎవ్వని మాటా ఇనొద్దు."

అబ్బో, ఇక చూడండి జాతర! టీ బండి అక్క "ఆపు, ఆపు!" అని గరిటె ఊపుతుంది. సత్తుపల్లి రైతు "ఏవండీ మిలిటరీ గారూ, గుద్దేశారండీ!" అని ఎగిరి గంతులేస్తాడు. క్యాబిన్లో ఫోను స్పీకర్ మీద ఉస్తాద్ గొంతు.

"ఏం కనబడ్తంది?"

"ఎడమ అద్దంల తోక. రాయికి రెండడుగులు."

"నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే. నేనే చూసిన."

"గంతే. తోలు."

రోజుకు ఆరు గంటలు. సీటు కాలిపోయేది. స్టీరింగు పట్టుకోవడానికి తువ్వాలు తడిపి చుట్టేవాణ్ణి. అరచేతులు బొబ్బలెక్కాయి. పన్నెండో రోజు సాయంత్రం నాకు అరుపులు వినబడడం మానేశాయి.

రెండో టెస్టు నెలాఖరు రోజునే. అదే ఆఖరి అవకాశం. పదకొండు నలభైకి నా వంతు. గ్రౌండుకు ఎడమ పక్క అడవి. జనం, ఇన్‌స్పెక్టర్ సారు, ఉస్తాద్ అందరూ కుడి పక్క షామియానా కింద ఉన్నారు. రివర్సు వేశాను. తోక ఎడమకు వంగింది, రాళ్ల మధ్యకు చక్కగా పోతోంది. "రానీ, రానీ!" అని ఎవరో అరుస్తున్నారు. నేను వినడం లేదు.

అప్పుడు ఎడమ అద్దంలో కనబడింది. ఒక కోయ అవ్వ. నెత్తిన బీడీలు చుట్టే తునికాకు మూట. చెట్లలోంచి వచ్చి సరిగ్గా ట్రాలీ తోక వెనక్కి నడుస్తోంది. హారన్ కొట్టాను. తల తిప్పలేదు. చెవులు వినబడవేమో. ఆగితే ఫెయిల్. ఆ సంగతి నాకు తెలుసు. హైదరాబాదు గేటు కళ్ల ముందు మెదిలింది.

బ్రేకు తొక్కాను.

"అయ్యో, మళ్ల ఆపిండు!" అని జనం ఘొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టర్ సారు విసురుగా వచ్చాడు.

"మళ్ల ఎవరయ్యా?"

"నేనే ఆపిన సర్. ఎడమ పక్క చూడుండ్రి."

ఆయన ఇంజను ముందు నుంచి తిరిగి అటు వెళ్లాడు. అవ్వ దాటేదాకా అక్కడే నిలబడ్డాడు. తిరిగొచ్చి కిటికీ కింద నుంచి మెల్లగా అన్నాడు. "వంకర మీద ఆపినవ్. గక్కడి నుంచే తీస్తవా?"

ట్రాలీ వంగి ఉన్నప్పుడు ఆగిన బండిని మళ్లీ సరిచేయడం అన్నిటికన్నా కష్టం. "తీస్తా సర్," అన్నాను. అర చుట్టు కుడికి, నెమ్మదిగా ఎడమకు, మళ్లీ నిటారుగా. ఒక్క రాయి కదల్లేదు. దిగేసరికి ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తినంత పని చేశాడు. "నా మిలిటరీ! నా మిలిటరీ!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. దాచడమెందుకు?

సాయంత్రం బస్సులో ములకలపల్లి చేరాను. మా బిడ్డ వాకిట్లోనే ఉంది.

"ఏమైంది నాన్నా?"

"పాస్."

"అయితే ఇంక ఎటూ పోవా?"

"పోను బిడ్డా. ఇక్కణ్నే ఉంట."

అది నా మెడకు చుట్టుకుని వదల్లేదు.

ఇప్పుడు రోజూ బొగ్గు తోలుతున్నాను, రోజూ ఇంటికొస్తున్నాను. సైన్యంలో చూసిన మంచు, వాగులు, బంకర్లు ఒక్కొక్కటే మసకబారుతున్నాయి. ఆ రోజు ఎడమ అద్దంలో చూసింది మాత్రం పోవడం లేదు. అవ్వ ట్రాలీ వెనకనుంచి తాపీగా దాటింది. నడుమ ఒకసారి ఆగి, మూట సర్దుకుంది. మళ్లీ నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.