వంజరం తల

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. అమీర్‌పేటలో జావా నేర్చుకోవడానికి చేరినప్పుడు, మొదటి క్లాసు ఉచితంగా ఎందుకు చెబుతున్నారని నిలదీసి చీవాట్లు తిన్నవాణ్ని. అలాంటి నేను, పంజాగుట్టలో ఉద్యోగం దొరికాక తోటి ఉద్యోగినిని ప్రేమించాను. ఆమె తండ్రి వైజాగ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆడిటర్. మా పెళ్ళి మాట విని అవుననలేదు, కాదనలేదు.

"వచ్చే వారం వైజాగ్‌లో బోటు మాట్లాడాం బాబూ. ఏప్రిల్ వస్తే వేట ఆపేస్తారు. ఈలోపు సరదాగా గేలం వేసొద్దాం, మీరూ రండి" అన్నారు.

మాది సిద్దిపేట దగ్గర పల్లె. సముద్రాన్ని సినిమాల్లో చూడడమే. మా రూమ్మేటు విని, "నిన్ను సముద్రంల ముంచనీకే తీస్కపోతుండన్నా, జర పైలం" అని పకపకా నవ్వాడు. నాకు మాత్రం ఆ మాట బుర్రలోంచి పోలేదు.

బోటెక్కేసరికి అక్కడ ఆయన మేనల్లుడు ఉన్నాడు. ఆమెకు వరసైన బావ. మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి బేరీజు వేస్తారన్నమాట, అనుకున్నాను. సరంగు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బోటు కదిలించాడు. హార్బరు దాటీ దాటగానే నాకు వాంతులు మొదలయ్యాయి. మేనల్లుడు నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమన్నాడు. నిమ్మకాయలో మందేమీ కలపలేరని తెలిసి కూడా వాసన చూడకుండా జేబులో పెట్టుకున్నాను.

"ఈత వచ్చా?" అన్నారు ఆయన.

"బాయిల వస్తది సార్."

ఆయన తలాడించి గేలం నా చేతికిచ్చారు. ఈత సంగతి ఎందుకడిగినట్టు?

ఎండ ముదిరాక నా గేలానికే చేప తగిలింది. తాడు సర్రున పోతోంది, నేను అంచుదాకా జారిపోయాను. అంతలో వెనకనుంచి ఎవరో నా బెల్టు పట్టుకున్నారు. తోసేస్తున్నారనే అనుకుని కెవ్వుమన్నాను. తిరిగి చూస్తే ఆయనే, కాళ్ళు తన్నిపెట్టి నన్ను వెనక్కి లాగుతున్నారు. చెయ్యంత వంజరం పైకి వచ్చింది. అయినా నా బుద్ధి మారలేదు. కూతురి దగ్గర మంచి అనిపించుకోవడానికే పట్టుకున్నాడులే అనుకున్నాను.

చేపను ఐసులో పెట్టి రైల్లో తెచ్చాం. పంజాగుట్టలో వాళ్ళింట్లో పులుసు పెట్టారు. మేనల్లుడికి మంచి నడిమి ముక్కలు వడ్డించారు. నా కంచంలో తలకాయ పడింది. మా వైపు చుట్టానికి నడిమి ముక్క వేస్తారు, తలకాయ ఇంటోళ్ళు తింటారు. పట్టింది నేను, ముక్కలు వాడికా! ఒళ్ళు మండిపోయింది.

"నాకు తలకాయ తినుడు రాదు సార్" అని చెయ్యి పెట్టకముందే దాన్ని ఎత్తి మేనల్లుడి కంచంలో వేశాను.

వడ్డిస్తున్న వాళ్ళమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మేనల్లుడు చెయ్యి వెనక్కి తీసుకుని, "బాబోయ్, నాకు వేరే సంబంధం కుదిరిందండీ" అన్నాడు.

నేను ప్రేమించిన పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "మా ఇంట్లో తలకాయ అల్లుడికే వేస్తారు. నాన్న చెప్పి మరీ వేయించారు."

ఆ క్షణంలో సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం తాపీగా అన్నం కలుపుకుంటూ, "దానిదేముంది, వచ్చే ఏడు మళ్ళీ వేటకెళ్దాం" అన్నారు.

పరాచికమాడారనుకున్నాను. కాదు. మళ్ళీ వేట రోజులు వచ్చేదాకా ఆ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తలేదు. ఆ ఏడాదంతా ఆదివారాలు యూసుఫ్‌గూడలో ఓ మెస్సుకు వెళ్ళి, ముళ్ళు గుచ్చుకుంటున్నా చేప తలకాయలు తిన్నాను.

మరుసటి ఏడు అదే బోటు. "సముద్రంలో ఈత నేర్చుకున్నారా?" అని అడిగారు.

"లేదు మామయ్యా. తలకాయ తినుడు నేర్చుకున్న."

అలా పిలవడం అదే మొదలు. ఆయన వెనకనుంచి నా బెల్టు గట్టిగా పట్టుకున్నారు.

"ముందు చేపను పట్టండి, అల్లుడుగారూ."